వంకర రెక్క

ఆ ఆఫీసులో ఏది చెడినా 'వంకర రెక్క' అయిందనేవారు. లిఫ్టు రెండంతస్తుల మధ్య ఆగిపోయినా, ప్రింటరు కాగితాన్ని నమిలి ఉమ్మినా, సెలవు చీటీ సంతకం లేకుండా తిరిగొచ్చినా అదే మాట. కొత్తగా చేరినవాళ్లు మొదటివారంలోనే ఆ మాట నేర్చుకునేవారు, దాని సంగతి మాత్రం ఆలస్యంగా తెలిసేది.

దాని సంగతి క్యాంటీన్ గోడమీద, చేతులు కడుక్కునే తొట్టి పైన వేలాడుతోంది. బారెడు పొడవు విమానం రెక్క మోడల్ అది. ముందు రెక్క వెనక్కి వాలి, వెనక రెక్క ముందుకు వాలి, కొసల దగ్గర రెండూ చేయీచేయీ పట్టుకున్నట్టు కలుస్తాయి. అలాంటి రెక్క అప్పటికి ఎవరూ ఎగరేసి చూడలేదు. విండ్‌టన్నెల్లో, అంటే మోడల్‌ను బిగించి దానిమీదికి పెద్ద ఫ్యానుతో గాలి వదిలి చూసే గదిలో, అది గజగజ వణికి మొదలంటా విరిగింది. విరిగిన చోట ఎవరో తీగ చుట్టి గోడకెక్కించారు. ఇంకెవరో దాని కొసకు టీ కప్పు తగిలించారు.

దాన్ని గీసినావిడ రోజూ మధ్యాహ్నం దాని కిందే చేతులు కడుక్కునేది. ఆఫీసంతా ఆవిణ్ణి వెనకాల 'అత్తగారు' అనేవారు, ఎదుట 'మేడమ్' అనేవారు. గాలి లెక్కలన్నీ ఆవిడ చేతిమీదుగానే పోవాలి. లెక్కలో ఆవగింజంత తప్పున్నా పట్టేస్తుంది, పట్టాక కేకలెయ్యదు, ఊరికే చూస్తుంది. కేకలేసినా బాగుండేదని దెబ్బతిన్నవాళ్లు అనుకునేవారు.

ఆ వారం ఆ చూపుకు దొరికినవాడు ఉంగరం. అతని పేరు వేరే ఉంది గాని, విమానం ఒంట్లోంచి బయల్దేరి, పక్కలకు సాగి, పైకి తిరిగి, తోకమీద వచ్చి అతుక్కునే గుండ్రటి రెక్క గీసినప్పటినుంచి అందరికీ ఉంగరమే. ముప్పై దాటిన మనిషి, ఇంట్లో ఒక కూతురు, ఆఫీసులో ఈ రెక్క, రెంటిమీదా ఒకటే మమకారం. శుక్రవారం నాడు సంస్థ పెద్దాయన రెండు సంగతులు తేల్చాలి. సిమ్యులేషన్‌కు, అంటే రెక్కను కంప్యూటర్లోనే గాలికి పెట్టి చూడ్డానికి, ఏ సాఫ్ట్‌వేర్ కొనాలి, ఉంగరం రెక్కకు మోడల్ కట్టి విండ్‌టన్నెల్‌కు పంపాలా వద్దా. టన్నెల్లో వంతు ఏడాదికొక్కసారే వస్తుంది. తప్పిందా, మామూలు రెక్కలు గీసే జట్టు ఆ వంతును ఎగరేసుకుపోతుంది.

చూడ్డానికి రెండు సాఫ్ట్‌వేర్లు తెప్పించారు. వాటికీ ఆఫీసువాళ్లే పేర్లు పెట్టారు. చిటికె అనేది పేరుకు తగ్గట్టే రెక్క గీత ఇస్తే టీ చల్లారేలోపు జవాబు చెబుతుంది. గాలికి జిగట లేదనుకుని లెక్క కడుతుంది కాబట్టి దానికంత వేగం. రెండోది నిదానం. రెక్క చుట్టూ ఉన్న చోటునంతా కోట్లకొద్దీ చిన్న గడులుగా కోసి, ఒక్కో గడిలో గాలి ఎటు పోతుందో, రెక్క ఒంటిని ఎలా అంటిపెట్టుకుంటుందో, ఎక్కడ విడిపోతుందో లెక్కేస్తుంది. సాయంత్రం అప్పగిస్తే మర్నాడు భోజనాల వేళకు గాని తేల్చదు.

సోమవారం చిటికె ఉంగరాన్ని ఆకాశానికెత్తేసింది. ఇంధనం బోలెడు మిగులుతుందట, గాలి చెదిరే చోటును చూపే ఎర్రమచ్చ రెక్కమీద ఒక్కటి లేదు, అంతా లేత నీలం. అతను ఆ బొమ్మ ప్రింటు తీసి తన బల్ల ముందు అతికించుకున్నాడు. క్యాంటీన్లో టీ వరసలో నిలబడి ముందున్న స్నేహితుడితో, ఆ నిదానాన్ని నమ్ముకుంటే శుక్రవారానికి నాదీ వంకర రెక్కే అవుతుందని నవ్వాడు. స్నేహితుడు నవ్వలేదు. అతని భుజం మీదుగా వెనక్కి చూస్తున్నాడు. వెనక అత్తగారు ఖాళీ కప్పు పట్టుకుని నిలబడి ఉంది.

"టీ తీసుకో నాయనా. వెనక చాలామంది ఉన్నారు," అంది.

ఉంగరానికి తల కొట్టేసినట్టయింది. ఆ టీలో చక్కెర వేసుకున్నాడో లేదో కూడా తెలియకుండా తాగాడు.

పావుగంటకు ఆవిడే గదికి పిలిపించింది. ఏమంటుందోనని వెళ్తే, ఈ రెండింట్లో దేన్ని నమ్మాలో ఎలా తేలుద్దామని అడిగింది. అతను సిద్ధంగానే ఉన్నాడు. అందరికీ తెలిసిన మామూలు రెక్క ఒకటి ఇద్దాం, దానికి టన్నెల్లో కొలిచిన అంకెలు ఎప్పటినుంచో ఉన్నాయి, ఎవరి జవాబు దగ్గరగా వస్తే వాళ్లది గెలుపు అన్నాడు. అప్పటికే అది చేసి చూశాడు కూడా. రెండూ దగ్గరగానే వచ్చాయి. రెండూ సరిగ్గా చెప్పేటప్పుడు తొందరగా చెప్పేదే మేలు కదా అని ముగించాడు.

ఆవిడ కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుంది.

"మామూలు రెక్క ఈ రెంటికీ కంఠతా వచ్చు. దానిమీదే కదా ఇవి పెరిగాయి. మనం కట్టబోయేది మామూలు రెక్క కాదుగా?"

"మరి దేన్ని పెడదాం మేడమ్?"

"బాగుపడ్డ రెక్కలతో ఎందుకు? చెడిపోయిన దాన్ని పెడదాం. చెడిందని ఎవరు చెబుతారో చూద్దాం. క్యాంటీన్లో ఉందిగా ఒకటి."

ఉంగరం ఎటు చూడాలో తెలియక బల్లమీది పెన్సిళ్ల డబ్బా వైపు చూశాడు. ఆవిడ మాత్రం పాత గీతను కంప్యూటర్లో తెరిచి అప్పుడే గడులు కొయ్యడం మొదలుపెట్టింది. పక్కన కుర్చీ లాక్కుని కూర్చోమంది. రెక్కకు దూరంగా పెద్ద గడులు, దగ్గరికొచ్చేకొద్దీ చిన్నవి. రెక్క ఒంటిని ఆనుకుని వెంట్రుక మందాన పొరలు, ఒకదాని మీదొకటి. మామూలుగా ఆ పని సాఫ్ట్‌వేర్‌కే వదిలేస్తారు. ఆవిడ వదల్లేదు. రెండు రెక్కలు కలిసే మూల దగ్గర ఒక్కో గడినీ తెచ్చి, సర్ది, మెలిపడ్డదాన్ని చెరిపి మళ్లీ పేర్చింది. ఆ మూలను ఆవిడ కళ్లు మూసుకుని కూడా గీయగలదని ఉంగరానికి చూస్తూంటేనే తెలిసింది. తన పరువు తీసిన రెక్కను ఇంత బుజ్జగింపుగా ఎలా పట్టుకుంటుందా అనుకున్నాడు.

ఇంటికెళ్లి భార్యతో చెబితే ఆమె తేలిగ్గా తీసుకుంది. ఆమె ఆసుపత్రిలో మోకాళ్లూ నడుములూ సరిచేసే ఫిజియోథెరపిస్టు.

"బల్లమీద పడుకోబెడితే అందరి మోకాళ్లూ వంగుతాయి," అంది కూతురి జడ విప్పుతూ. "మెట్లెక్కిస్తేనే తెలుస్తుంది. మీ మేడమ్ మెట్లెక్కిస్తోంది, అంతే."

"ఎక్కించేది నా రెక్కనే అయితే?"

"ఎక్కలేకపోతే ఇప్పుడే తెలియనీ. జనం కూర్చున్నాక తెలియడం కన్నా నయం కదా."

అతనికి కోపమొచ్చింది. ఇంట్లోనూ అత్తగారే దొరికిందని గొణిగాడు. కూతురు పకపకా నవ్వింది, ఎందుకో దానికే తెలియదు.

మంగళవారం మధ్యాహ్నానికి నిదానం నోరు విప్పింది. వంకర రెక్క బాగుందంది. విమానం ముక్కు ఎంత ఎత్తినా గాలి రెక్కను అంటిపెట్టుకునే పారుతోంది, ఆ మూల దగ్గర కూడా. చిటికె ఎలాగూ బాగుందనే అంది. రెండూ కలిసి, టన్నెల్లో అందరి కళ్లెదుట విరిగిన రెక్కకు శభాష్ అన్నాయి.

ఉంగరానికి లోపల సంతోషమే. దాన్ని దాచుకోవడానికి కాస్త కష్టపడ్డాడు గాని నోరు ఊరుకోలేదు. "రెండూ తప్పే చెప్పాయి మేడమ్. తప్పు చెప్పడానికి ఒక రోజంతా ఎందుకు, చిటికె చాలుగా," అన్నాడు.

ఆవిడ లేచి, గదిలోని ముక్కాలిపీట చంకన పెట్టుకుని బయల్దేరింది. ఉంగరం వెనకాలే పరిగెత్తాడు. క్యాంటీన్లో భోజనాలు చేస్తున్నవాళ్లు చెంచాలు ఎత్తినవి ఎత్తినట్టే పట్టుకుని చూస్తున్నారు. ఆవిడ పీటెక్కి, కొసనున్న టీ కప్పు తీసి కుళాయికి తగిలించి, రెక్కను మేకుల మీంచి దింపింది. ఇన్నాళ్ల దుమ్మును తన కొంగుతో తుడిచింది. రెండు రెక్కలు కలిసే మూలలో బొటనవేలు పెట్టి మెల్లగా అటూ ఇటూ రాసింది. వేలు ఒకచోట ఆగింది.

"చెయ్యి పెట్టి చూడు."

ఉంగరం పెట్టాడు. నున్నగా జారుతున్న వేలికి మూల లోపల ఏదో తగిలింది. పెసరగింజంత ఉబ్బు. రంగు పూత కింద ఉంది కాబట్టి కంటికి కనపడదు.

"గీతలో ఇది లేదు," అన్నాడు.

"లేదు. అతుకు పూడ్చిన పుట్టీ. మనం సాఫ్ట్‌వేర్‌ను అడిగింది గీత గురించి. విరిగింది గీత కాదు, ఇది."

మరి ఇన్నాళ్లూ ఎవరూ చూడలేదా అని అడగబోయి ఊరుకున్నాడు. విరిగిన వస్తువును గోడకెక్కించి నవ్వుకునేవాళ్లలో దాన్ని తడిమి చూసేదెవరు? తనూ ఎన్నిసార్లు దాని కింద చేతులు కడుక్కున్నాడు!

రెక్కను వర్క్‌షాపుకు తీసుకెళ్లి స్కానర్ బల్లమీద పెట్టారు. లేజరు వెలుగు దానిమీద గీతలు గీతలుగా పాకి, ఉన్నది ఉన్నట్టు కంప్యూటర్లోకి ఎక్కించింది, ఉబ్బుతో సహా. ఆవల లేతు మిషను దగ్గర మోడళ్లు కట్టే మేస్త్రి పని ఆపి ఇటే చూస్తున్నాడు. ఆవిడ ఆయనకు చెయ్యి ఊపింది గాని ఏమీ చెప్పలేదు. మళ్లీ గదికొచ్చి సాయంత్రందాకా ఆ ఉబ్బు చుట్టూ గడులు పేర్చింది. ఈసారి ఉంగరం కూడా పేర్చాడు. ఎవరూ చెయ్యమనలేదు.

బుధవారం భోజనం సంగతి ఇద్దరూ మర్చిపోయారు. చిటికెకు ఆ ఉబ్బు ఉన్నట్టే తెలియలేదు, నిన్నటి పాటే పాడింది. నిదానం బొమ్మ మాత్రం పైనుంచి కిందికి మెల్లగా తెరుచుకుంది. ముక్కు కొద్దిగా ఎత్తినంతవరకు నీలమే. ఇంకాస్త ఎత్తేసరికి పెసరగింజ వెనకనుంచి గాలి రెక్కను వదిలేసింది. వదిలేసి సుళ్లు తిరిగింది, ఆ సుళ్లు ఒకటి తర్వాత ఒకటి ఊడిపోతూ వెనక రెక్కను కొట్టడం మొదలుపెట్టాయి. మూలంతా ఎర్రబడింది. టన్నెల్లో మోడల్ వణకడం మొదలుపెట్టింది సరిగ్గా ఆ ఎత్తు దగ్గరే.

ఉంగరానికి రెండు సంగతులు ఒకేసారి తట్టాయి. నిదానం నిన్న కూడా నిజమే చెప్పింది. అంటే ఈవిడ గీసిన గీతలో తప్పే లేదు. ఇన్నేళ్లుగా లిఫ్టు ఆగినా ప్రింటరు చెడినా ఈవిడ చెవిన పడుతున్న మాటంతా అన్యాయం. అప్పటికప్పుడు క్యాంటీన్లోకి వెళ్లి బల్లమీదెక్కి అరవాలనిపించింది.

"మేడమ్, మీ రెక్క మంచిదే," అన్నాడు.

ఆవిడ కళ్లద్దాలు తీసి తుడిచింది, పెట్టుకుని, మళ్లీ తీసి తుడిచింది.

"ముక్కు ఇంకొంచెం ఎత్తి చూద్దాం," అంది.

మేస్త్రి అప్పుడే తలుపు దగ్గరికొచ్చాడు. నిన్న స్కానర్ బల్లమీద రెక్కను చూసినప్పటినుంచి ఉండబట్టలేక వచ్చాడు. చేతులు తుడుచుకునే గుడ్డ భుజానే ఉంది. ఎవరూ చెప్పకుండానే స్క్రీన్ దగ్గరికి నడిచి ఎర్రటి మూలను చూశాడు, తర్వాత బల్లమీది రెక్కను చూశాడు. బొటనవేలు తిన్నగా ఆ ఉబ్బు మీదికే వెళ్లింది.

"ఇది నా చెయ్యే," అన్నాడు. "పుట్టీ ఆరలేదు ఆ పూట. టన్నెల్ వంతు దాటిపోతుందని గరుకు కాగితం పూర్తిగా పట్టించకుండానే రంగు కొట్టేశాను. ఇంతదానికి ఏమవుతుందిలే అనుకున్నాను. ఇన్నాళ్లూ నా పాపం మీరు మోశారమ్మా. శుక్రవారం నేనే వచ్చి పెద్దాయనతో చెబుతాను."

ఉంగరం మనసులో సరే, చెప్పాల్సిందే అనుకున్నాడు. ఆవిడ తన పక్కనున్న కుర్చీ జరిపి మేస్త్రిని కూర్చోబెట్టింది.

"చెయ్యి మీదే మేస్త్రీ, కాదనను. కానీ పెసరగింజంత పుట్టీకి పడిపోయే రెక్కను గీసింది నేను. రేపు నిజం విమానం మీద ఇంతకన్నా పెద్ద మేకు తలలుంటాయి. పురుగులు చచ్చి అంటుకుంటాయి, మంచు కడుతుంది. అప్పుడు ఎవరి చెయ్యి అందాం?"

మేస్త్రి గుడ్డతో మొహం తుడుచుకున్నాడు. ఆవిడ ఆయన వైపు చూడకుండా, చూడకపోవడమే మర్యాద అన్నట్టు, గడులు సరిచూసుకుంటూ కూర్చుంది. నిందను ఒకరి మీదినుంచి ఇంకొకరి మీదికి దొర్లించే మనుషుల్నే చూసిన ఉంగరానికి ఇది కొత్త. చేతికందిన గెలుపును కావాలని వదిలేసుకున్న మనిషి పక్కన కూర్చున్నానని అతనికి అర్థమైంది.

గురువారం పొద్దున్నే ఉంగరం రెక్కను నిదానానికి ఇచ్చారు. శుక్రవారం ఉదయానికి అది కూడా నీలమే చూపింది. రెండు సాఫ్ట్‌వేర్లూ మెచ్చుకున్న రెక్క. స్నేహితుడు వీపు తట్టి, ఇంకేం, మోడల్ కట్టడమే తరువాయి అన్నాడు. ఉంగరం నవ్వాడు గాని నవ్వు నిలవలేదు. బల్ల ముందు అతికించుకున్న ప్రింటును ఎందుకో తీసి సొరుగులో పెట్టాడు.

మీటింగులో ఆవిడ వంకర రెక్కను బల్లమీద పెట్టి, ఉబ్బు చూపి, రెండు సాఫ్ట్‌వేర్లు ఏమన్నాయో చెప్పి, నిదానం కొందామంది. మేస్త్రి ఊసు ఎత్తలేదు, మోడల్ కట్టడంలో తేడా అని మాత్రం అంది. పెద్దాయనకు సంగతి మెల్లగా అర్థమైంది. మొన్నటికి మొన్న తన కారు ఆగిపోతే వంకర రెక్క అయిందన్నది ఆయనే.

"అయితే మీ రెక్క బాగానే ఉందన్నమాట," అన్నాడు, కుర్చీలో కాస్త ముందుకు జరిగి.

"కాగితం మీద బాగుంది సార్. గాల్లో బాగాలేదు," అంది ఆవిడ. అంతటితో ఆ మాట ముగించి ఉంగరం వైపు తిరిగింది. "ఇతని రెక్క గురించి ఇతనే చెబుతాడు."

అందరి కళ్లూ తనమీదికి తిరిగాయి. చెప్పాల్సింది చిన్నమాటే. రెండూ బాగుందన్నాయి సార్ అంటే చాలు, మేస్త్రి సోమవారం పని మొదలుపెడతాడు. ఆవిడ చూస్తోంది, ఎప్పటి చూపే. ఆ చూపులో తప్పు పట్టడం ఏనాడూ లేదని, ఎదుటివాడే తన తప్పు తను పట్టుకునేదాకా ఓపిగ్గా ఆగడమేనని అతనికి అప్పుడు తెలిసింది.

"నా గీత నున్నగా ఉంది సార్," అన్నాడు. "నున్నటి గీతను అడిగితే నిదానమైనా మంచిమాటే చెబుతుంది. నా రెక్క తోకమీద అతుక్కునే చోట కూడా ఇలాంటి మూలే ఉంది. అక్కడ పుట్టీ పెట్టి ఇంకా అడగలేదు. అడగకుండా కట్టించను. ఈసారి టన్నెల్ వంతు నాకొద్దు."

మామూలు రెక్కల జట్టు నాయకుడు కుర్చీలో నిటారుగా అయ్యాడు. పెద్దాయన ఉంగరాన్ని, అత్తగారిని మార్చి మార్చి చూసి, సరే వంతు వాళ్లకే అన్నాడు. ఏడాది పోయింది. ఆవిడ తన ముందున్న మంచినీళ్ల గ్లాసును ఉంగరం ముందుకు జరిపింది.

మధ్యాహ్నం మేస్త్రి గరుకు కాగితం మడత చేత్తో పట్టుకుని ఆవిడ గదికొచ్చాడు. రెక్క ఎలాగూ కిందికి దిగింది కదా, ఆ ముద్ద ఇప్పుడైనా తీసేసి నున్నగా చేసిస్తానన్నాడు. ఇన్నేళ్లకు చేస్తున్న పనైనా చేతిలో తొందర కనిపిస్తోంది.

"దాన్ని ముట్టుకోవద్దు మేస్త్రీ," అంది ఆవిడ. "ఇకమీద ఇక్కడ ఏ రెక్క గీసినా ముందు ఆ ముద్ద పెట్టి చూస్తాం. మనకదే కొలబద్ద. మళ్లీ దాని చోట తగిలించండి. కప్పు మాత్రం వద్దు."

మేస్త్రి తలూపి, రెక్కను పసిపిల్లను ఎత్తుకున్నట్టు రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. వరండాలో ఉంగరం ఎదురొచ్చి ఆపాడు. తన బల్ల దగ్గరికి తీసుకెళ్లి, స్క్రీన్‌మీద రెక్క తోకకు అతికే మూలను పెద్దది చేసి చూపించి, కుర్చీ వేసి కూర్చోబెట్టాడు.

"ఒక్కమాట చెప్పండి మేస్త్రీ. పుట్టీ ఆరలేదు, బయట మోడల్‌ను టన్నెల్‌కు తీసుకెళ్లే బండి వచ్చి ఆగింది, నేను మీ నెత్తిమీద నిలబడి తొందరపెడుతున్నాను. అప్పుడు ఇక్కడ ఎంత వదిలేస్తారు?"

మేస్త్రి అతని మొహంలోకి చూశాడు. ఎగతాళి ఏమైనా ఉందేమోనని వెతికాడు, కనపడలేదు. వారం మొత్తంలో మొదటిసారి నవ్వాడు. ఒళ్లోని రెక్కను జాగ్రత్తగా బల్లమీద పెట్టి, స్క్రీన్ దగ్గరికి వంగి, ఆ మూలమీద బొటనవేలు ఆనించాడు.

"నువ్వు తొందరపెడితేనా? ఇంత," అన్నాడు.

ఉంగరం ఆ వేలి పక్కనే గుర్తు పెట్టుకుని, గీత మీద ముద్ద గీయడం మొదలుపెట్టాడు.